పాత కారు కింద వాడేసిన ఆయిల్ కొట్టిస్తే తుప్పు రాదా?

వానలకి ముందు శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతుంది. దాని సారం ఇదీ: పాత కారుకి వేలు పోసి కోటింగులు దండగ. సర్వీసింగ్‌లో తీసేసిన ఇంజిన్ ఆయిల్ రెండు లీటర్లు, డీజిల్ ఒక లీటరు కలిపి బండి కింద కొట్టించండి. ఇప్పటికే తుప్పు ఉంటే దాని మీదే నల్ల రబ్బరు కోటింగ్ దిట్టంగా వేయించండి, గాలాడక తుప్పు చచ్చిపోతుంది. కింద నీళ్లు మాత్రం కొట్టించొద్దు. సముద్రం పక్కన లేనివాళ్లకి ఏ భయమూ లేదు. ఇంకా అనుమానముంటే బ్యాటరీకి తగిలించే తుప్పు నిరోధక పరికరం కొనుక్కోండి.

ఇందులో పావువంతు నిజం ఉంది. జనం నమ్మేది ఆ పావువంతుని చూసే.

“వాడేసిన ఆయిల్, డీజిల్ కలిపి కొట్టించండి”

నూనె పొర ఇనుముకి తడి తగలకుండా అడ్డుపడుతుంది, కాదనం. గొర్రె ఉన్నికొవ్వుతో, అంటే లానోలిన్‌తో చేసినవీ, మైనంతో చేసినవీ పనిచేసేది ఈ సూత్రం మీదే. తేడా సరుకులో ఉంది. ఇంజిన్‌లోంచి దిగిన ఆయిల్‌లో మసి, లోహపు రజను, కాలకుండా మిగిలిన ఇంధనం, కాస్త నీరు, ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆమ్లాలు అన్నీ ఉంటాయి. ఆ ఆమ్లాల్ని అణచడానికి కంపెనీ కలిపిన మందు చాలావరకు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. పైగా డీజిల్ కలిపితే ఆయిల్ మరీ పలచనై కారిపోతుంది. టైరు నీళ్లు చిమ్మే చోట, అంటే మనకి రక్షణ ఎక్కువ కావలసిన చోటే, రెండు మూడు పెద్ద వానలకి ఏమీ మిగలదు. మిగిలినచోట దుమ్ము, ఇసుక అంటుకుని తడిని పట్టి ఉంచుతాయి.

అసలు నష్టం ఇనుముకి కాదు, రబ్బరుకి. చక్రాల కీళ్ల దగ్గర కుదుపు ఆపే రబ్బర్లు, అంటే సస్పెన్షన్ బుష్‌లు, సైలెన్సర్‌ని పట్టి ఉంచే రబ్బర్లు ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని నెలలకి గుంతల్లో కింద టకటకమంటుంటే దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. బ్రేక్ ప్యాడ్ మీద ఆ తుంపర పడితే ప్యాడ్ పీల్చేసుకుంటుంది. తుడిస్తే పోదు, రెండు వైపులా జత మార్చాల్సిందే. వేడి సైలెన్సర్ మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. వాడేసిన ఆయిల్‌ని 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల్లో లెక్కేశాయి. బండి కింద నుంచి కారింది వాకిట్లోకీ, నూతిలోకీ పోతుంది. కొట్టే కుర్రాడి చేతులకి తగిలేదీ అదే, అది చర్మానికి మంచిది కాదు.

నూనె రకమే కావాలంటే లానోలిన్ గానీ మైనం గానీ ఉన్న తుప్పు నిరోధక స్ప్రే కొనండి. రబ్బరుకి తగలకుండా కొట్టించి, ఏటా వానలకి ముందు మళ్లీ వేయించాలి.

“తుప్పు మీదే రబ్బరు కోటింగ్ వేస్తే గాలాడక చచ్చిపోతుంది”

ఎక్కువ బళ్లని పాడు చేసింది ఈ మాటే. తుప్పు గుల్లగా ఉంటుంది. తడినీ, ఉప్పునీ లోపల దాచుకుంటుంది. మీద వేసిన పొర ఎంత దిట్టమైనా నీటి ఆవిరినీ ప్రాణవాయువునీ పూర్తిగా ఆపలేదు. కింద ఉన్న ఉప్పు ఆ ఆవిరిని లాక్కుని బొబ్బలు తెస్తుంది. దానికి తోడు తుప్పు పెచ్చు మీద వేసిన కోటింగ్ ఇనుముని పట్టుకోదు, పెచ్చునే పట్టుకుంటుంది. ఒక రాయి తగిలి అంచు లేచిందంటే నీళ్లు లోపలికి వెళ్తాయి, బయటికి రావు. పైకి నల్లగా నిగనిగలాడుతుంటుంది, లోపల రేకు కాగితంలా పలచబడుతుంది. అమ్మకానికి పెట్టిన పాత మారుతీ 800కో, ఇండికాకో కింద కొత్త నల్ల కోటింగ్ కనిపిస్తే సంతోషించకండి. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొదబొదమంటుంది.

చేయాల్సిన పద్ధతి ఇది. బండిని ర్యాంప్ ఎక్కించి కిందంతా మంచి నీళ్లతో కడిగి, కనీసం ఒక రోజు ఎండలో ఆరనివ్వాలి. నాలుగు చక్రాలూ, చక్రాల పైన ఉండే ప్లాస్టిక్ లైనర్లూ విప్పించండి. లైనర్ వెనక గుప్పెళ్లకొద్దీ మట్టి ఉంటుంది, సగం తుప్పు పుట్టేది అక్కడే. ఊడిపోతున్న పాత కోటింగ్‌ని గీకేయాలి. గట్టిగా అతుక్కుని ఉన్నదాని జోలికి పోవద్దు. తుప్పుని గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ బిగించి పెచ్చులు లేచిపోయేదాకా రుద్ది, తర్వాత 80 నంబరు ఎమెరీ పేపర్ పట్టించాలి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా ఈ పనికి దిగొద్దు. థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమర్ వేసేయాలి. మన గాలికి మెరుగు పెట్టిన ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.

బ్రష్ అందని గుంటల్లో మిగిలిన పలచటి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. టానిక్ ఆమ్లం రకమైతే తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. పెచ్చులు కట్టిన తుప్పుకి దాని వల్ల ఉపయోగం లేదు, పై పొరే మారుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం వాడితే మిగిలిన ఆమ్లాన్ని డబ్బా మీద చెప్పినట్టు తీసేయకపోతే ఎపాక్సీ ప్రైమర్ పట్టదు. ప్రైమర్‌గా రెడ్ ఆక్సైడ్ చవక గానీ అది తడిని పీలుస్తుంది. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ రెండు కోట్లు వేయడం మేలు. జాయింట్లలో పాత సీలర్ పగిలి ఉంటే పాలీయురిథేన్ సీలర్ పట్టించి, అన్నీ ఆరాక అప్పుడు రబ్బరు కోటింగ్. ఒకే దిట్టమైన కోటు కాదు, ఒకటి ఆరాక ఒకటి చొప్పున పలచగా రెండు మూడు. చిన్న కారుకి సుమారు మూడు నాలుగు లీటర్లు పడుతుంది.

కోటింగ్ పడకూడని చోట్లు ముందే టేపు, కవర్లతో మూసేయాలి: సైలెన్సర్ పైపు, బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు, బ్రేక్ రబ్బరు గొట్టాలు, యాక్సిల్ బూట్లు (యాక్సిల్ కీళ్ల మీది రబ్బరు తొడుగులు), సెన్సర్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కదిలే చోటు, ఛాసిస్ నంబరు. డోర్ల అడుగు అంచునా, డోర్ల కింద పొడవునా పెట్టెలా ఉండే సిల్‌లోనూ ఉండే నీళ్ల కన్నాలు మూసుకుపోతే డబ్బిచ్చి తుప్పు కొనుక్కున్నట్టే. వాటిలో సన్నటి పుల్లలు గుచ్చి ఉంచి, పనయ్యాక లాగేయండి.

అంతా చేసినా సగం పనే అయింది. ఆ సిల్‌ని తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. బయటి కోటింగ్ అక్కడికి చేరదు. దానికి పలచటి మైనం రకం స్ప్రే ఉంటుంది, చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టంతో కన్నాల్లోంచి లోపలికి కొట్టాలి. రెండు సిల్లులకీ, వెనక చక్రాల దగ్గరి పెట్టె భాగాలకీ 500 మిల్లీలీటర్ల డబ్బాలు రెండు మూడు కావాలి. అడుగున ఉన్న నీళ్ల కన్నాల్లోంచి మైనం చుక్కలు చుక్కలుగా కారితే లోపల పట్టిందని గుర్తు.

స్క్రూడ్రైవర్ మొన దిగిపోయిన చోట ఇవేవీ పనికిరావు. అక్కడ తిన్న రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. ఫైబర్ గుడ్డ, పుట్టీతో మూసేస్తే అందంగానే ఉంటుంది, బలం సున్నా. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు, లోపలి కార్పెట్ తీయించండి. పెట్రోల్ ట్యాంకు, దాని పైపుల దగ్గరైతే వాటిని దించకుండా వెల్డింగ్ టార్చ్ వెలిగించనివ్వొద్దు. వేడికి లోపలివైపు పెయింటు కాలిపోతుంది కాబట్టి మైనం స్ప్రే వెల్డింగ్ తర్వాతే.

ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. గాల్లో తేమ 85 శాతం దాటితే పెయింటు పనులు ఆపేయాలన్నది మామూలు కట్టుబాటు. మనవైపు సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండాకాలం దాకా అనువు. అప్పుడు కూడా పొద్దున్నే రేకు చెమర్చి ఉంటుంది, తొమ్మిది పది దాటాక మొదలెట్టించండి.

“కింద నీళ్లు కొట్టించొద్దు”

నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు ఆరదు. గాల్లో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తనే నీటిని లాక్కుని కరుగుతుంది. వానాకాలం రాత్రుళ్లు మన తీరంలో తేమ అంతకంటే తక్కువ ఉండడం అరుదు. అంటే జాయింట్లలో ఉప్పు ఇరుక్కున్న బండి, వాన పడకపోయినా, షెడ్డులో ఉన్నా తడిసే ఉంటుంది. కళింగపట్నంలోనో భోగాపురం వైపు తీరాననో ఇసుకలోకి బండి దించితే ఆ రోజే కింద కడిగించాలి. ఏ నీళ్లతో అన్నదే ముఖ్యం. తీరం ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి, నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. అలాంటి నీళ్లతో కడగడం కంటే కుళాయి నీళ్లు నాలుగు బకెట్లు నయం. ప్రెషర్ గన్‌ని అడుగు దూరంలో పట్టుకోమనండి, మరీ దగ్గరగా పెడితే పాత కోటింగ్ అంచులు లేస్తాయి.

“సముద్రం పక్కన లేకపోతే భయం లేదు”

సముద్రపు గాలిలో ఉప్పు తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. బారువలో బండికీ రాజాంలో బండికీ తేడా ఉన్న మాట నిజం. కానీ ఉప్పు గాలి మీదే రానక్కర్లేదు. ఓమ్నీలో చేపల ఐస్ పెట్టెలు వేస్తే కారే నీళ్లు సీట్ల కింద రేకులోకి దిగుతాయి. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్. బస్తా చిరిగి డిక్కీలో ఒలికిందంటే అదీ ఉప్పే. ఏసీ నీటి గొట్టం మూసుకుపోతే ముందు సీటు కింద కార్పెట్ నెలల తరబడి నానుతూ ఉంటుంది, పైన మ్యాట్ పొడిగానే కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి మ్యాట్లే కాదు, కార్పెట్ అంచు కూడా ఎత్తి చేత్తో తడిమి చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంట కూడా.

“బ్యాటరీకి పరికరం తగిలించండి”

ఓడలకీ, భూమిలో వేసిన పైపులకీ విద్యుత్తుతో తుప్పు ఆపే పద్ధతి నిజంగానే ఉంది. ఓడ చుట్టూ సముద్రం, పైపు చుట్టూ తడి మట్టి ఉండి కరెంటుకి దారి ఇస్తాయి. కారు చుట్టూ ఉండేది గాలి, అందులో కరెంటు తిరిగే దారి లేదు. ఆ డబ్బుకి మైనం స్ప్రే డబ్బాలు వస్తాయి.