ఎవరి పక్షాన కేక వేయాలి? ఫిలడెల్ఫియా రిలే పండగ చెప్పే జవాబు

అథ్లెటిక్స్‌కు జనం రారన్న మాట మన దగ్గర పాతదే. కారణం అడిగితే క్రికెట్ పేరు చెబుతారు. నా దృష్టిలో అది సగం కారణం కూడా కాదు. అసలు సంగతి, మైదానానికి వచ్చిన మనిషి ఎవరి తరఫున కేక వేయాలో తెలియక కూర్చుండిపోవడం. ఛాతీకి అంటించిన నంబర్లు తప్ప ట్రాక్ మీదున్న ఎనిమిది మంది గురించి అతనికి ఏమీ తెలియదు. పది సెకన్లలో పరుగు అయిపోతుంది. రెండో పరుగు దాకా ఏం చేయాలో తోచదు. ఏటా ఏప్రిల్ చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగే రిలే పరుగుల పోటీలు ‘పెన్ రిలేస్’ చూస్తే ఈ చిక్కుకు జవాబు నూట ముప్పై ఏళ్ల కిందటే దొరికిందని తెలుస్తుంది.

1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన వసంతకాలపు పోటీలకు కాస్త ఆకర్షణ తేవాలని ఒక ప్రయోగం చేసింది. నలుగురు నలుగురుగా జట్లు కట్టి, ఒక్కొక్కరు పావు మైలు చొప్పున పరుగెత్తేలా ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంతో పందెం పెట్టింది. జనానికి నచ్చింది. 1895లో ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో రిలేలతోనే పూర్తిస్థాయి పోటీలు మొదలయ్యాయి. బట్టలు మార్చుకునే గదులు చాలక చుట్టూ గుడారాలు వేయడంతో ఆ ఆవరణకు జాతర కళ వచ్చిందని, దాంతో పేరులోకి ‘కార్నివాల్’ అన్న మాట చేరిందని చెబుతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆగని ఈ పోటీలు కోవిడ్ వల్ల 2020లో, 2021లో మాత్రం ఆగాయి.

గురువారం నుంచి శనివారం దాకా మూడు రోజులు. స్కూలు పిల్లలు, కాలేజీ జట్లు, ఒలింపిక్స్‌లో ఆడినవాళ్లు, జుట్టు నెరిసిన వృద్ధులు అందరూ అదే ట్రాక్ మీద పరుగెడతారు. పోటీదారులే వేలల్లో ఉంటారు. ఒక పరుగు ముగిసీ ముగియకముందే తర్వాతి జట్లు వచ్చి నిలబడతాయి. అలవాటు లేనివాళ్లకు మొదటి గంట అంతా అయోమయమే. ఎవరు గెలిచారో బోర్డు మీద చూసేలోపు ఇంకో తుపాకీ పేలుతుంది. కొత్తవాళ్లు అన్నీ చూడాలన్న ఆశ వదులుకోవడం మంచిది. రెండు మూడు స్కూళ్ల పేర్లు ఎంచుకుని, మూడు రోజులూ వాటి వెంటే పడాలి. అప్పుడు ఆ గందరగోళంలోంచి కథలు తేలతాయి. గురువారం హీట్‌లో (తొలి వడపోత పరుగులో) ఒకరి నుంచి ఒకరు అందుకునే కర్ర, బ్యాటన్, తడబడినా గట్టెక్కిన జట్టు ఫైనల్లో మళ్లీ కనిపిస్తే, ఆ నలుగురు పిల్లలూ మనవాళ్లే అనిపిస్తారు.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. టికెట్ కొనేటప్పుడు చాలామంది ఫినిష్ లైన్ ఎదురుగా ఉండే సీటు వెతుకుతారు. నేనైతే నలుగురూ తలా వంద మీటర్లు పరుగెత్తే 4×100 కోసం వంపు దగ్గర, బ్యాటన్ చేతులు మారే జోన్‌కు ఎదురుగా కూర్చోమంటాను. అందుకునే అమ్మాయి వెనక్కి చూడదు. ట్రాక్ మీద ముందే పెట్టుకున్న గుర్తును తోటి అమ్మాయి దాటగానే పరుగు మొదలుపెట్టి, పిలుపు వినగానే చేయి వెనక్కి చాస్తుంది. 30 మీటర్ల జోన్ దాటేలోపు బ్యాటన్ చేతిలో పడాలి, లేదంటే జట్టు మొత్తం అనర్హమైపోతుంది. నలుగురిలో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్ల ఉన్న జట్టే గెలుస్తుందన్న హామీ లేదు. నమ్మకం కుదిరిన జట్టు గెలుస్తుంది. తలా నాలుగు వందల మీటర్లుండే 4×400లో మరో ముచ్చట ఉంది. చివరి 200 మీటర్లలోకి తమవాళ్లు ఏ వరసలో అడుగుపెట్టారో చూసి, ఎదురుచూసేవాళ్లను అదే వరసలో లోపలి నుంచి బయటికి నిలబెడతారు. ఆ కాసేపట్లో భుజాల తోపులాట, వెనక్కి తిరిగి అరవడం, వస్తున్న మనిషి కాళ్లు బరువెక్కడం అన్నీ పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. పరుగు గురించి ఏమీ తెలియని మనిషికైనా అర్థమయ్యే నాటకం ఇది.

ఈ పండగకు ప్రాణం పోసేది మాత్రం జమైకావాళ్లే. 1964లో కింగ్‌స్టన్ కాలేజీ పేరుగల హైస్కూలు జట్టు మొదటిసారి ఇక్కడికి వచ్చింది. అప్పటినుంచి ఆ దీవి బళ్లు ఏటా విమానం ఎక్కి వస్తూనే ఉన్నాయి. కాలబార్, జమైకా కాలేజ్, ఎడ్విన్ అలెన్, హోమ్‌వుడ్ టెక్నికల్ లాంటి పేర్లు ఆ గ్యాలరీల్లో ఇంటిపేర్లలా వినిపిస్తాయి. న్యూయార్క్‌లోనూ చుట్టుపక్కల నగరాల్లోనూ స్థిరపడిన జమైకన్లు జెండాలు పట్టుకుని, తాము చదివిన బడి రంగులు వేసుకుని కుటుంబాలతో వస్తారు. కింగ్‌స్టన్ కాలేజీవాళ్లది ఊదా రంగు. నడివయసు మనిషి ఆ చొక్కా తొడుక్కుని, తన బడి కుర్రాడు చివరి మలుపులో ఎదుటివాణ్ని దాటబోతుంటే లేచి నిలబడే తీరు చూడాలి. వాళ్లు ముందుగా బడి కోసం అరుస్తారు. దేశం ఆ తర్వాత వస్తుంది. పక్కనున్న అమెరికన్ స్కూలు తల్లిదండ్రులు జవాబుగా తమవాళ్ల పేరు అందుకుంటారు. ఏ వైపూ కాని సందర్శకుడు కూడా ఐదు నిమిషాల్లో ఏదో ఒక పక్షం చేరిపోతాడు.

జమైకా జనాభా 30 లక్షల లోపే. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షల పైమాట. అంత చిన్న దేశం వేగానికి చిరునామా కావడానికి జన్యువుల గురించి, అక్కడి దుంపల గురించి చాలా సిద్ధాంతాలు చెబుతారు. నాకు వాటికన్నా ప్రేక్షకులే బలమైన కారణంగా కనిపిస్తారు. కింగ్‌స్టన్‌లో 1910 నుంచి జరుగుతున్న స్కూలు పోటీలు ‘చాంప్స్’కు జాతీయ స్టేడియం నిండిపోతుంది. పదిహేనేళ్ల పిల్లకు వేలమంది ఎదుట పరుగెత్తడం అలవాటవుతుంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఫిలడెల్ఫియా. 2010లో ఉసేన్ బోల్ట్ జమైకా జట్టుకు చివరి వంతు పరుగెత్తిన శనివారం 54,310 మంది వచ్చారు. బోల్ట్ కోసం వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు, కాదనను. అయితే ఊదా చొక్కాలవాళ్లు అతను పుట్టకముందు నుంచే వస్తున్నారు. తారలు జనాన్ని పెంచగలరేమో, ఆ జనాన్ని తయారు చేసి పెట్టింది బళ్లే.

లోపాలు లేవని కాదు. రిలేల హోరులో దూకేవాళ్లను, విసిరేవాళ్లను పట్టించుకునేవారు తక్కువ. మంచి హైజంప్ జరుగుతుంటే కళ్లన్నీ ట్రాక్ మీదే ఉంటాయి. ఏప్రిల్ గాలి నీడలో వణికిస్తుంది, ఎండలో మాడుస్తుంది. రోజంతా కూర్చోవడం చిన్నపిల్లలకు కష్టం. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా సలహా, శనివారం ఫైనల్స్‌కు ముందు శుక్రవారం ఒక పూటైనా చూడమని. జనం కాస్త పలచగా ఉంటారు, పిల్లలకు పరుగు దగ్గరగా కనిపిస్తుంది. న్యూజెర్సీలో ఎడిసన్, ప్రిన్స్‌టన్ వైపు తెలుగువాళ్లు కారు తీయనక్కర్లేదు. ట్రెంటన్‌లో రైలు మారి 30వ వీధి స్టేషన్లో దిగితే మిగిలింది నడక దూరమే. 2023 జులైలో తానా మహాసభలకు వేలమంది తెలుగువాళ్లు వెళ్లిన నగరమే ఇది. ఏప్రిల్లో కూడా వెళ్లాలని నా కోరిక.

ఇక మన సంగతి. 2023 ఆగస్టులో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అనస్, అమోజ్, అజ్మల్, రాజేశ్ 4×400 హీట్‌లో అమెరికా వెనకే 2:59.05తో వచ్చి ఆసియా రికార్డు కొట్టారు. అప్పటిదాకా వాళ్ల పేర్లు కూడా వినని జనం ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశారు. రిలేను ఇష్టపడటం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పారిస్ ఒలింపిక్స్‌లో 4×400 జట్టులో పరుగెత్తింది. మరి మన నగరాల్లో ఏం జరుగుతోంది? 2002 జాతీయ క్రీడలకు కట్టిన గచ్చిబౌలి స్టేడియం ఉంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్‌కు ఆతిథ్యమిచ్చిన హనుమకొండ మైదానం ఉంది. ఆ స్థాయి పోటీల్లో బనియన్ల మీద కనిపించేవి రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాల జట్టు) లాంటి పేర్లు. క్రీడాకారులకు ఉద్యోగం, తిండి, శిక్షణ ఇచ్చిన సంస్థలవి. వాటిని తక్కువ చేయను. కానీ హనుమకొండ గ్యాలరీలో కూర్చున్న మనిషికి రైల్వేస్ గెలిస్తే ఏమిటి, సర్వీసెస్ గెలిస్తే ఏమిటి? సంక్రాంతికి రెండు ఊళ్ల మధ్య కబడ్డీ పెడితే గట్ల మీద కూడా చోటు దొరకదు. అక్కడ ఆడేవాడు ఫలానా వాళ్లబ్బాయి.

అందుకే పెద్ద తారలను రప్పించడం మీద కంటే బడుల మీద ఖర్చు పెట్టమంటాను. గురుకులాలు, జిల్లా పరిషత్ హైస్కూళ్లు, కార్పొరేట్ స్కూళ్లు ఒకే ట్రాక్ మీద 4×100, 4×400. ఏటా అదే వారం, అదే మైదానం. బనియన్ మీద బడి పేరు, ఊరి పేరు తెలుగులో, పై వరసకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. జట్టుతో పాటు ప్రతి బడి నుంచి రెండు బస్సుల పిల్లలు రావాలి. పూర్వ విద్యార్థులకు విడిగా ఒక గ్యాలరీ, వృద్ధులకు ఒక పరుగు పెట్టాలి. బ్యాటన్ మారే వంపు దగ్గర సీట్లు అధికారులకూ అతిథులకూ కాకుండా ఆ పిల్లల తల్లిదండ్రులకు ఇవ్వాలి. మొదటి ఏడాది సగం ఖాళీగానే ఉండవచ్చు. రెండో ఏడాదికి, ఓడిన బడి పిల్లలు నిరుటి బాకీ తీర్చుకోవడానికి వస్తారు.