బొడోనీ ఫాంటు గారికి, విజయనగరం నుంచి

మహారాజశ్రీ బొడోనీ గారి దివ్యసముఖమునకు,

చెల్లి పెళ్లికార్డు ఇంగ్లీషు పేజీకి తమరే కావాలని డీటీపీ కుర్రాడు పట్టుబట్టాడు, రిచ్ లుక్ సార్ అంటూ. కాదనలేం. స్క్రీన్ మీద పెద్దగా చేసి చూపిస్తే ఇంటిల్లిపాదీ పడిపోయాం. లావుగీత నిండుగా, దాని పక్కన సన్నగీత ఉందా లేదా అన్నంత నాజూగ్గా, అబ్బో.

ఆ నాజూకే కొంప ముంచింది. ముహూర్తం తెల్లవారుజామున 4-12కి. మీ 4లో కండ ఉన్నది నిలువుగీతకి ఒక్కదానికే, ఏటవాలుగీతా అడ్డగీతా రెండూ వెంట్రుకలే. మెరూన్ రంగు గరుకు కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్ కొట్టేసరికి ఆ వెంట్రుకలు కాస్తా ఎగిరిపోయి 1 మిగిలింది. టెక్కలి నుంచి మా పెదనాన్న వ్యాను నిండా చుట్టాలతో అర్ధరాత్రి దాటగానే మండపంలో దిగిపోయారు. లోపల డెకరేషన్ వాళ్లు, దోమలు. తాళి కట్టే వేళకి ఆ వరసంతా గురకలే. "ఏట్రా, పెళ్లికి పిలిచారా, కాపలాకి పిలిచారా?" అన్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

పెళ్లికూతురు పేరు నవ్య. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో వేశారు. మీ ఎన్‌లో ఏటవాలుగీతే లావు, ఏకి కుడికాలు, వీకి ఎడమకాలు, వైకి ఎడమచెయ్యీ మొండెమూ. సన్నవన్నీ పోయాక మా చెల్లి గాలివానలో చినుకుల్లా ఒకే పక్కకి వాలిపోయింది. ఫోన్ నంబర్ల సంగతి అడక్కండి.

మిమ్మల్ని చెక్కిన జంబాటిస్టా బొడోనీ గారు 1768లో ఇటలీలోని పార్మా చేరి డ్యూకు గారి అచ్చుకూటం నడిపినాయన. నున్నటి కాగితం, జానెడు మార్జిన్లు, పెద్దక్షరాలు. ఆయన పోయాక 1818లో భార్య మార్గెరిటా వేయించిన అక్షరాల పుస్తకం కంప్యూటర్లో చూశాను, కళ్లు తిప్పుకోలేకపోయా, అబద్ధం ఎందుకు. మీ ప్యారిస్ చుట్టం డిడో ఫాంటు వోగ్ ఫ్యాషన్ పత్రిక అట్ట మీద అంతెత్తున నిలబడితే ఎవరికి నష్టం? సెంటు సీసా మీద, సినిమా టైటిల్లో మీరే రాజు.

అసలు చిన్న సైజుకి సన్నగీతలు కాస్త బలంగా ఉండే రూపం మీకూ ఉంది కదండీ! ఐటీసీ అనే ఫాంట్ల కంపెనీ 1994లో తెచ్చిన బొడోనీలో 6 పాయింట్ల అక్షరం సైజుకొకటి, 12కొకటి, 72కొకటి విడివిడిగా గీశారు. మావాడి దగ్గరున్నది పెద్దదొక్కటే, దాన్నే నొక్కి నొక్కి చిన్నది చేశాడు. గురజాడ ఊళ్లో షాపు పెట్టుకుని, గురజాడ పేరుతో ఉచితంగా దొరికే తెలుగు ఫాంటు కూడా లేదు వాడి దగ్గర, ఇంక మీ 6 పాయింట్ల తమ్ముడెక్కడ?

వచ్చే నెల మా పిన్ని కొడుకు ఉపనయనం. కవరు మీద వటువు పేరు, వేలెడంత సైజులో, అంతవరకే మీకు చోటు. లోపల టైం ఉన్న వైపు తొంగిచూశారో, పెదనాన్నకి మీ అడ్రసు ఇచ్చేస్తా.

ఇట్లు,
పెళ్లికూతురి అన్న