ముక్కు పెద్దదైతే మాంసమే తినాలా?

మొన్న మా అమ్మాయికి అంతరించిపోయిన జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. 350 రూపాయలు. అట్ట తళతళా మెరుస్తోంది. లోపల ఒక పేజీలో నిలువెత్తు పక్షి ముక్కున చిట్టి గుర్రాన్ని కరుచుకుని నిలబడింది. కింద 'గుర్రాలను నమిలే రాక్షస పక్షి' అని రాశారు. పళ్ళు లేని పక్షి ఎలా నమిలిందో ఆ రాసిన మహానుభావుడికే తెలియాలి.

ఆ పక్షి పేరు గాస్టోర్నిస్. దాదాపు 5 కోట్ల ఏళ్ళ కిందట యూరప్‌లో, అమెరికాలో తిరిగింది. 1855లో పారిస్ దగ్గర గాస్టన్ ప్లాంటే అనే కుర్రాడికి దాని ఎముక దొరికితే అతని పేరే పెట్టారు. (కరెంటు పోయినప్పుడు మన ఇన్వర్టర్‌ను నడిపే లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో కనిపెట్టిందీ ఈయనే. కాబట్టి ఆయన్నేమీ అనను.) 1917లో అమెరికాలో ఇంచుమించు పూర్తి అస్థిపంజరాన్ని లోకానికి చూపించారు. ఎత్తు రెండు మీటర్లు, తల మూరెడు. ఆ కాలపు గుర్రమేమో నక్కంత. ఇంకేం, ముక్కు ఇటు, గుర్రం అటు. కేసు తేలిపోయింది.

ఈ బాధ నాకు బాగా తెలుసు. నా బరువు 104 కిలోలు. మాంసం ఎందుకో చిన్నప్పటి నుంచీ సయించదు. ఏ పెళ్ళికెళ్ళినా వడ్డించే కుర్రాడు నన్నొక్కసారి పైనుంచి కిందికి చూసి, అడక్కుండానే మటన్ గరిటె ఎత్తుతాడు. వద్దంటే నమ్మడు. "మొహమాటపడకండి సార్" అంటాడు.

పాపం, గాస్టోర్నిస్ గారు బంతిలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పక్క విస్తరి ముందు చిట్టి గుర్రం. బకెట్ వస్తుంది. "నాకు పప్పు చాలు నాయనా" అంటారు పక్షిగారు. "అంత ముక్కు పెట్టుకుని పప్పేమిటండీ!" అంటాడు కుర్రాడు. ఎదుటి వరుసలో పెద్దమనిషి గొంతు తగ్గించి, "పైకలా అంటారు గానీ, రాత్రిళ్ళు గుర్రాలు మాయమవుతున్నాయట" అంటాడు. గుర్రం తన విస్తరి తీసుకుని నాలుగు బారలు అవతలికి జరుగుతుంది. "కూర్చోమ్మా, నిన్నేం చేస్తాను" అని పక్షిగారు బతిమాలుకుంటారు. ఆ నోరు తెరవడం చూసి గుర్రం మూర్ఛపోతుంది. "చూశారా, చూశారా!" అని బంతి బంతంతా లేస్తుంది. అందరూ వెళ్ళిపోయాక పక్షిగారు ఒంటరిగా పప్పన్నం ముగించి, చివరికి విస్తరాకు కూడా తినేసి లేస్తారు. ఆయనకు అసలు రుచించింది అదే.

1991లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ముక్కు బలం లెక్కగట్టి, అది ఎముకల్ని సైతం పిండి చేయగలదన్నారు. చేయగలదు సరే, చేసిందా? నా చేతికి కత్తిపీట అందుతుంది, అంతమాత్రాన నేను హంతకుణ్ణా? వేటాడే పక్షికి ఉండే కొక్కెం ముక్కు దీనికి లేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కొండచరియ విరిగిపడి బయటపడ్డ పాదముద్రల్లో వాడి గోళ్ళ జాడ లేదు. చివరికి 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు దాని ఎముకల్లోని కాల్షియం పరీక్షించి, మాంసం తిన్న జంతువుల లెక్కతో కాదు, ఆకులు అలములు తిన్నవాటి లెక్కతో సరిపోయిందన్నారు. మాంసం తిన్న పెద్ద పక్షులు లేవని కాదు, దక్షిణ అమెరికాలో ఉండేవి. వాటి ముక్కు చివర కొక్కెం చూస్తేనే తెలిసిపోతుంది. వాళ్ళ కేసు నేను వాదించను.

సరే, ఇదంతా సరదాకి అనుకోండి. న్యూజిలాండ్ మోవాల సంగతికొస్తే మాత్రం నాకు నవ్వు రాదు. తొమ్మిది జాతులు. రెక్కల ఎముక కూడా లేని పక్షులు. పెద్ద ఆడపక్షి 200 కిలోల పైనే. అవి ఏం తిన్నాయో ఊహించే పని కూడా లేదు. బురదలో దిగబడి చచ్చిన పక్షుల పొట్టల్లో కత్తిరించినట్టున్న పుల్లలు దొరికాయి. ఎండిన రెట్టల్లో విత్తనాలూ పుప్పొడీ దొరికాయి. పుల్లల్ని నూరుకోవడానికి మింగిన గులకరాళ్ళు కిలోలకొద్దీ దొరికాయి. మన కోడి కందనకాయ పనే, కాకపోతే రోలంత. లక్షల ఏళ్ళు అవి పుల్లలు నమ్ముకుని బతికాయి. 1300 ప్రాంతంలో మనిషి పడవ దిగాడు. నూట యాభై ఏళ్ళు తిరక్కుండానే ఒక్కటి మిగల్లేదు. గుడ్లనూ వదల్లేదు. నదీముఖాల దగ్గర పొయ్యిల చుట్టూ ఎముకలు గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి. వాటిని వేటాడి బతికిన హాస్ట్ గద్ద కూడా వాటితోనే పోయింది. పుల్లలు తిన్నదాన్ని పట్టుకుని తిన్నవాడు, ముక్కున గుర్రాన్ని పెట్టి దానికి రాక్షసి అని పేరు పెడతాడా! సిగ్గుండక్కర్లేదూ? ఆ బొమ్మలో ముక్కున గుర్రం బదులు చేతిలో పళ్ళెం పెట్టి, మా బోటి వాళ్ళ మొహం గీయాల్సింది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. అది శ్రద్ధగా విని, వైట్‌నర్ తెచ్చి గుర్రాన్ని చెరిపేసి, ముక్కులో పచ్చ స్కెచ్‌తో కొమ్మ గీసింది. ఆకుల మధ్య నుంచి గుర్రం వెనక్కాలు ఒకటి ఇంకా కనిపిస్తూనే ఉంది.