అన్నీ డాక్టరుగారి బండ్లే

బుర్రకథ చెప్పేవాళ్లు లేరు, హరికథ వినేవాళ్లు లేరు, మౌఖిక సాహిత్యం అంతరించిపోతోంది అని సభల్లో కళ్లొత్తుకునే పెద్దలకు ఒక మనవి. ఒక ఆదివారం పూట వీలు చూసుకుని విజయవాడలో ఏదైనా సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డుకు వెళ్లి రండి. అక్కడ ప్రతి బండికీ ఒక కథ ఉంది, ప్రతి కథకూ ఒక నాయకుడున్నాడు, ఆ నాయకుడికి తప్పనిసరిగా ఎంబీబీఎస్ పట్టా ఉంది. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క ఉండదు. అంతా గురుముఖతః వచ్చిన విద్య.

నేను చూడబోయింది 2015 మోడల్ డీజిల్ బండి. "సింగిల్ ఓనర్ సార్. డాక్టరుగారి బండి" అన్నాడు షెడ్డు యజమాని. పక్కనున్న తెల్లది? అదీ డాక్టరుగారిదే. ఆ మూలనున్న ఎర్రది? "అది డాక్టరుగారి మేడమ్‌ది సార్. శుక్రవారం గుడికి తప్ప బయటికి తీసేవారు కాదు." ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్ల పోస్టులు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో ఆరోగ్య శాఖ వారు ఇక కమిటీలు వేసి కనుక్కోనక్కర్లేదు. ఉన్న డాక్టర్లంతా కార్లు అమ్ముకునే హడావుడిలో ఉన్నారు.

మీటరు 42 వేలు చూపిస్తోంది. పదేళ్లకు 42 వేలంటే రోజుకు 12 కిలోమీటర్లు కూడా పడవు. అంతమాత్రానికి ఆయన పెట్రోలు బండి కాదని ఎక్కువ డబ్బు పోసి డీజిల్ ఎందుకు కొన్నారు అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగిపోయి ఇనుము తళతళలాడుతోంది. అదేమిటన్నాను. "డాక్టరుగారు చాలా జాగ్రత్త మనిషి సార్. బ్రేకు ఎక్కువ వాడేవారు."

క్షణం తడుముకోలేదు. అప్పుడు అర్థమైంది, నేను కూర్చున్నది బేరానికి కాదు, అవధానానికి. ఇక పృచ్ఛకుడి ధర్మం నేనూ పాటించాలి కదా. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండంకెలూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఇక్కడ 3523 అని ఉంది, అంటే 2023లో 35వ వారం. "టైర్లు మార్చారా?" అని సమస్య ఇచ్చాను. "కంపెనీ నుంచి వచ్చినవే సార్, చెయ్యి పెట్టలేదు" అని పూరణ వచ్చింది. బండితో పాటు పుట్టిన టైర్లు బండి కంటే ఎనిమిదేళ్లు చిన్నవి.

దత్తపదిగా బుడమేరు ఇచ్చాను. 2024 సెప్టెంబరులో ఆ వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు నీళ్లలో రోజుల తరబడి నానిన సంగతి ఊరంతా చూసింది. ఆ కార్లన్నీ ఏమయ్యాయో మాత్రం ఎవరికీ తెలియదు, ఈ షెడ్డులో అయితే ఒక్కటీ లేదు. ఈ బండి ఆ వారం హైదరాబాద్‌లో ఉందట. హైదరాబాద్‌లో మా బావమరిది ఇలాగే ఒక బండి చూడబోయి 2020 అక్టోబరు వరదల గురించి అడిగితే, ఆ వారం అది విజయవాడలో ఉందన్నారట! మన బండ్లకు వాతావరణ శాఖ కంటే ముందే కబురందుతుందని తేలింది. ఎందుకైనా మంచిదని సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాను. చివరి జానెడు మేర మట్టి చార. "టీ మరక సార్" అన్నాడు. ఆ మాట మీదే, "ఒరే చిన్నా, సార్‌కి టీ చెప్పు" అని కుర్రాణ్ణి కేకేశాడు.

రాజ్యాంగబద్ధమైన ప్రశ్నలు కూడా కొన్ని వేశాను. 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారి రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. బండి చేతికొచ్చిందని ఆన్‌లైన్‌లో తెలపాలి. దాన్ని ఎప్పుడు, ఎందుకు రోడ్డెక్కించాడో లెక్క రాయాలి. ఆ పత్రం చూపించమంటే ఆయన గోడ వైపు చూశాడు. అక్కడ వేంకటేశ్వరస్వామి పటం ఉంది. అంతకు మించిన అధికారం ఆర్టీవో ఇస్తాడా? ఇన్సూరెన్సులో 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే పరిహారం అడగనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది కూడా బండితో పాటు నాకే వస్తుందన్నాడు. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత యజమానితోనే పోతుంది. ఎవరో ముఖం తెలియని డాక్టరు పుణ్యాన్ని నాకు ధారపోసే ఉదారత చూసి నోరు మెదపలేకపోయాను.

"మాకేం మిగలదు సార్, కొన్న రేటుకే ఇస్తున్నాం" అన్నది ఈ సాహిత్యంలో మకుటం. జీఎస్టీ మండలి 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చుని పాత కార్ల వ్యాపారి లాభం మీద 18 శాతం పన్ను ఖాయం చేసింది. పాపం, లాభం అనేదే లేని రంగమని వారికెవరూ చెప్పినట్టు లేరు.

చివరికి ఇంజను గ్యారంటీ దగ్గరికి వచ్చాం. "నా నోటి మాటే గ్యారంటీ సార్." సరే, ఆ మాటే రాసివ్వమన్నాను. బల్ల సొరుగు లాగి ఒక అచ్చు కాగితం ముందు పెట్టాడు. బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తృప్తిపడి తీసుకున్నానని, ఇంజను, గేర్‌బాక్సు, రీడింగు, యాక్సిడెంటు దేనికీ అమ్మినవారికి బాధ్యత లేదని, కింద నా సంతకానికి చోటు. ఆ షెడ్డు మొత్తంలో డాక్టరు పాత్ర లేని రచన అదొక్కటే.

జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లోనే పాత కార్ల సంత గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, దాంతో మంచి బండ్లు సంతకు రావడం మానేస్తాయి అని. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా కూడా వచ్చింది. నేనూ నమ్మాను. సిద్ధాంతం ప్రకారం అమ్మేవాడిదే పైచేయి కాబట్టి, నేను వేసుకెళ్లిన నా పాత పెట్రోలు బండిని ఎక్స్ఛేంజికి ఎంతకు తీసుకుంటారని అడిగాను.

అవధాని మాయమయ్యాడు. ఆయన స్థానంలో క్లూస్ టీమ్ దిగింది. పెయింటు మందం కొలిచే మీటరుతో ఒకడు, ల్యాప్‌టాప్‌తో ఒకడు, బండి కింద టార్చిలైటుతో ఇంకొకడు. టైర్ల మీద అంకెలు పైకి చదివారు. సీటు బెల్టులు నాకంటే బాగా లాగారు. ఫోనులో చలానాలు తీశారు, అందులో నాకే తెలియనిది ఒకటి ఉంది. సర్వీసు రసీదులన్నీ కావాలన్నారు. అద్దాల మీద తేదీలు కలిపి చూసి, వెనక ఎడమ తలుపు అద్దం ఎప్పుడు మార్చారని అడిగారు. అమ్మేవాణ్ణి నేనే, తెలియనివాణ్ణీ నేనే. అకెర్లాఫ్ గారు ఒకసారి ఇటు వచ్చి వెళ్లాల్సింది.

అన్నీ అయ్యాక ఆయన చెప్పిన రేటుకు నా బండిలో స్టీరియో కూడా రాదు.

"అదేంటండీ, సింగిల్ ఓనర్ బండి. మొదటి రోజు నుంచీ నేనొక్కణ్ణే నడిపాను" అన్నాను.

టీ గ్లాసు నా వైపు జరిపి ఆప్యాయంగా నవ్వాడు. "అందరూ అలాగే చెప్తారు సార్."