నంబరు తప్ప అన్నీ చూపే కెమెరా

రాత్రివేళ వాహనాల నంబర్లు చదవడానికి కెమెరాను ఎంపిక చేసుకోవడంలో హైదరాబాదు కాలనీ సంక్షేమ సంఘాలు ప్రదర్శిస్తున్న వివేకాన్ని సాంకేతిక నిపుణులు అకారణంగా ఆక్షేపిస్తున్నారని నా నిశ్చితాభిప్రాయం. వంద మంది గుమికూడే ప్రతి సంస్థా కెమెరాలు పెట్టుకోవాలని, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. ఆ తరువాత జనమే డబ్బు వేసుకుని వీధుల్లో కెమెరాలు పెట్టుకునే పోలీసుల ‘నేను సైతం’ పథకం వచ్చి, కెమెరా లేని వీధిలో ఉండటమే నామోషీ అన్న స్థితికి మనల్ని చేర్చింది. ఇప్పుడు మిగిలిన చిక్కల్లా ఒక్కటే. అర్ధరాత్రి దాటాక ఎక్కడో కూల్చిన ఇంటి శిథిలాలను తెచ్చి, మన చెరువు శిఖంలో గుమ్మరించి పోయే టిప్పరు నంబరు ఏమిటో ఆ కెమెరాలు చెప్పవు.

ఎందుకు చెప్పవో తెలియాలంటే సర్వసభ్య సమావేశం నుంచే మొదలుపెట్టాలి. అక్కడ చర్చ ఎప్పుడూ మెగాపిక్సెళ్ల మీదే జరుగుతుంది. నాలుగు కంటే ఎనిమిది పెద్దదన్న విషయంలో కార్యవర్గానికీ ప్రతిపక్షానికీ భేదాభిప్రాయం ఉండదు కనుక తీర్మానం ఏకగ్రీవమవుతుంది. ఆ తరువాత కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి, ఎనిమిది మెగాపిక్సెళ్ల కెమెరాను, వెడల్పుగా చూసే 2.8 మిల్లీమీటర్ల లెన్సుతో సహా బేరమాడి తెస్తారు. అది గేటును, వాచ్‌మన్ గదిని, వేపచెట్టును, నాలుగు ఇళ్ల బాల్కనీలను, ఆ బాల్కనీల్లో ఆరేసిన బట్టలను ఒకే చూపులో పట్టేస్తుంది. ఇరవై మీటర్ల దూరంలో దాని చూపు ఈ చివర నుంచి ఆ చివరకు యాభై మీటర్లకు పైగా విస్తరిస్తుంది. చిత్రం అడ్డంగా ఉన్న 3840 పిక్సెళ్లను, అంటే చిత్రాన్ని కూర్చే చుక్కలను, ఆ యాభై మీటర్లకూ సమధర్మంగా పంచితే, అర మీటరు వెడల్పున్న కారు నంబరు ప్లేటు వాటాకు వచ్చేవి నలభై లోపే. ఆ నలభైలో పది అక్షరాలూ అంకెలూ సర్దుకోవాలి. అద్దె ఇళ్లలో కాపురం చేసిన నగరవాసులకు ఈ సర్దుబాటు కొత్తది కాదు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పరు.

నంబరు స్పష్టంగా చదవాలంటే ప్లేటు వెడల్పుకు వంద పిక్సెళ్లయినా ఉండాలని, తక్కువ మేరనే దగ్గరగా చూపే పన్నెండు మిల్లీమీటర్ల లెన్సు బిగిస్తే రెండు మెగాపిక్సెళ్ల చవక కెమెరా కూడా అదే దూరంలో ఇంచుమించు అంత ఇస్తుందని చెప్పే దుకాణదారులు కొందరున్నారు. అయితే అలాంటి కెమెరాకు రోడ్డు వెడల్పు మేర తప్ప ఇంకేమీ కనబడదు. బాల్కనీలు కనబడని కెమెరాకు చందా ఎవరిస్తారు?

వెలుతురు సంగతి ఇంకా సున్నితమైనది. రాత్రిపూట కూడా రంగులు చూపుతామనే కెమెరాలకు ఈ మధ్య గిరాకీ బాగా పెరిగింది. చీకట్లో రంగులు రావాలంటే వెలుతురును లోపలికి వదిలే షట్టరు ఎక్కువసేపు, అంటే సెకనులో ఇరవై అయిదో వంతు దాకా, తెరుచుకుని ఉండాలి. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే బండి అంతలోనే అడుగుకు పైగా జరిగిపోతుంది. పక్క నుంచి చూసే కెమెరాలో నంబరంతా అలుక్కుపోతుంది, బండి రంగు మాత్రం చక్కగా పడుతుంది. టిప్పరు పసుపుపచ్చదని తేలింది కాబట్టి దర్యాప్తు సగం ముగిసినట్లే.

షట్టరును సెకనులో వెయ్యో వంతుకు కుదిస్తే ఆ కాసేపట్లో బండి కదిలేది ఎనిమిది మిల్లీమీటర్లే. కానీ అంత తక్కువ సమయంలో వెలుతురు చాలదు కనుక కంటికి కనబడని పరారుణ కాంతిని రోడ్డు మీదికి ప్రసరింపజేయాలి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలన్నింటికీ తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేట్ల మీద, పడిన కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే పొర ఉంటుంది. అందువల్ల ఆ కాంతిలో ప్లేటు ఒక్కటే తెల్లగా వెలిగి, దాని మీద నల్లని అక్షరాలు ముత్యాల్లా కనబడతాయి. మిగతా లోకమంతా కటిక చీకటి.

ఆ చీకటే కొంప ముంచుతుంది. ఒక కాలనీలో ఇలాంటి కెమెరాను నిజంగానే బిగించిన కుర్రవాణ్ణి నేనెరుగుదును. ఆ రాత్రి సభ్యులందరి ఫోన్లలోనూ నల్లని తెర, అందులో రెండు హెడ్‌లైట్ల చుక్కలు, వాటి మధ్య ఒక తెల్లని నంబరు ప్లేటు మాత్రమే కనబడ్డాయి. తెల్లవారకముందే కెమెరా కాలిపోయిందని వాట్సాప్ గ్రూపులో గగ్గోలు పుట్టింది. “సార్, కాలిపోలేదు సార్, నంబరు ఎంత క్లియర్‌గా కనిపిస్తుందో చూడండి” అని అతను మొత్తుకున్నాడు. “నంబరు సంగతి తరువాత బాబూ, ముందు మా గేటేదీ?” అన్నారు అధ్యక్షులవారు. కుర్రవాడు నిచ్చెనెక్కి సెట్టింగును ఆటోలో పెట్టి దిగాడు. గేటు కనబడింది, వేపచెట్టు కనబడింది. నంబరు ప్లేటు మాత్రం వెలుగు ఎక్కువై రాయని కాగితంలా తెల్లబోయింది. పనితనం మెచ్చి సంఘం అతనికి చాయ్ తాగించింది.

గేటుకు ఒక కెమెరా, నంబరుకు మరొకటి పెట్టుకోవచ్చు కదా అని అడిగేవారికి సంఘాల బడ్జెట్టు గురించి బొత్తిగా తెలియదు.

కెమెరాను ఎక్కడ పెట్టాలన్నదీ చెప్పుకోదగ్గదే. ప్లేటుకు ఎదురుగా, ముప్పై డిగ్రీలకు మించని కోణంలో, మరీ ఎత్తున కాకుండా పెట్టాలన్నది శాస్త్రం. దొంగలెత్తుకుపోతారన్నది అనుభవం. అందుచేత దాన్ని స్తంభం చిటారున కడతారు. అక్కడి నుంచి కార్ల పైకప్పులు దివ్యంగా కనబడతాయి. ఏ నాయకుడి పుట్టినరోజో వచ్చి అదే స్తంభానికి ఫ్లెక్సీ కట్టినప్పుడు మాత్రం పక్షం రోజులపాటు ఆ ఫ్లెక్సీ వెనుక వైపు కనబడుతుంది.

ఇక చదవవలసిన నంబరు అంటూ ఒకటి ఉండాలి గదా. 2014లో ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది, మూడూ ఈనాటికీ మన రోడ్ల మీద కలిసిమెలిసి తిరుగుతున్నాయి. అది కెమెరాకు పెద్ద ఇబ్బంది కాదు. ట్రాఫిక్ చలానా తప్పించుకోవడానికి ప్లేటును మడిచేవారు, చివరి అంకె మీద మాస్కు తగిలించేవారు, నంబరు కంటే పదవిని పెద్దక్షరాలతో రాయించుకునేవారు, వెనుక ట్రాలీకి ప్లేటే లేని ట్రాక్టర్లవారు, వీరందరి కృషి ముందు జర్మనీ లెన్సయినా జపాను లెన్సయినా చేతులెత్తేయవలసిందే.

ఇన్ని అడ్డంకులనూ దాటి నంబరు దొరికిందే అనుకుందాం. అప్పుడు వచ్చే ఉపద్రవాన్ని నిపుణులు ఊహించలేదు గానీ కార్యవర్గాలు ముందే ఊహించాయి. ఆ టిప్పరును మాట్లాడినది, మూడో వీధిలో పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపుతున్న మన కోశాధికారిగారే అని తేలితే పోలీసు స్టేషనుకు ఎవరు వెళ్తారు? వెళ్లి వచ్చాక వినాయకచవితి లెక్కలు ఎవరు చూస్తారు? ఈ కోణంలో ఆలోచిస్తే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సామాజిక సామరస్యానికి చేస్తున్న సేవ అర్థమవుతుంది.

కాబట్టి ఎనిమిది మెగాపిక్సెళ్లదే తీసుకోండి, వెడల్పు లెన్సే తీసుకోండి, రంగులు వచ్చేదే తీసుకోండి. మిగిలిన డబ్బుతో ‘మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు’ అని రేడియం అక్షరాలతో ఒక పెద్ద బోర్డు రాయించి చెరువు దారిలో పాతించండి. హెడ్‌లైట్లు పడగానే ఆ అక్షరాలు ధగధగలాడుతూ ఎంత దూరానికైనా తేటగా కనబడతాయి. అలాంటి బోర్డు ఉన్న చోట టిప్పరు డ్రైవర్లకు రివర్సు చేసుకోవడం చాలా సులువుగా ఉంటోందట.