ఓ స్తంభం విన్నపం

దేశ ఆరోగ్య వ్యవస్థకు మూలస్తంభాలెవరని అడిగితే పెద్దలు ఏవేవో చెబుతారు. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతూ పిల్లల ఓపీలో పోస్టింగ్ చేసినదాన్ని కాబట్టి సవినయంగా మనవి చేస్తున్నాను: ఆ స్తంభం మేమే. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కదలకుండా నిలబడతాం. కుర్చీలు లేవని కాదు, వాటి మీద ఫైళ్లు కూర్చుని ఉంటాయి.

నా స్థానం తూకం మిషన్ పక్కన. పసిబిడ్డను బట్టలు విప్పి తూచాలని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినాయన బెంగళూరు లైను చూసి ఉండడు. స్వెట్టరు, మంకీ క్యాపు, గజ్జెలు, తాయెత్తు, తడిసిన డైపరు అన్నీ కలిపి 7.2 కిలోలు. అందులో బిడ్డ వాటా ఎంతో దేవుడికెరుక. గ్రోత్ చార్టులో మాత్రం గీత దివ్యంగా పైకి పోతుంది.

నాకొచ్చిన కన్నడం ఒక్క వాక్యం: "జ్వర ఎష్టు దినదింద?" అంటే, జ్వరం ఎన్ని రోజుల నుంచి అని. జవాబు అర్థం చేసుకోవడం సిలబస్‌లో లేదు. అదృష్టం కొద్దీ లైనులో మనవాళ్లూ ఉంటారు. "ఏం పాపా, మీది అనంతపురమా? మాది హిందూపురం. అట్లయితే మా చీటీ ముందుకు తొయ్యి" అంది ఒకవ్వ. ఇంత తొందరగా చుట్టరికం పెళ్లిచూపుల్లో కూడా కలవదు.

ఇక లాగ్‌బుక్, అంటే పోస్టింగ్‌లో మేం చేసిన పనులు రాసుకునే పుస్తకం. చూశాను, సాయం చేశాను, చేశాను అని మూడు గళ్లు. ఐదు జబ్బులకు ఒకటే సూదిగా ఇచ్చే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు ఎడమ తొడకు వేస్తారు. సిస్టర్ వేస్తుంటే ఆ కాలు పట్టుకున్నది నేను, తన్ను తిన్నదీ నేనే. ఇది ఏ గడిలోకొస్తుందో మా మేడమ్ ఇంతవరకూ తేల్చలేదు.

ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఓపీ ఆచారం ప్రకారం ఏ బిడ్డయినా నిమిషానికి 32 సార్లే పీలుస్తుంది, వేరే అంకె రాస్తే అనవసరంగా ప్రశ్నలు. ఒకరోజు ఐదు నెలల బిడ్డ తల్లి భుజం మీద నిద్రపోతుంటే, ఏ బుద్ధి పుట్టిందో, స్వెట్టరు పైకెత్తి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 58. ఆ వయసులో 50 వచ్చినా ఎక్కువే. పక్కటెముకల కింద పొట్ట దగ్గర లోపలికి గుంట పడుతోంది. వెనకనుంచి "ఏమ్మా, బిడ్డనేమన్నా కొంటావా, అట్లా చూస్తా నిలబడితివే?" అని అరుపు.

సిస్టర్ వచ్చింది, చూసింది, మాట్లాడకుండా బిడ్డనెత్తుకుని లైను దాటి డాక్టర్ గదిలోకి పోయింది.

మధ్యాహ్నం రెండింటికి నా లాగ్‌బుక్ అడిగి తీసుకుని సంతకం పెట్టింది. తూకం చూడటం: 1.