ఓపీ చీటీ ఎవరి కోసం రాస్తున్నరు?

"ఎన్నిసార్లు చెప్పినా వినరు, చదువులేని జనం." ఓరుగల్లు ఓపీల దగ్గర ఈ మాట కొత్త కాదు. షుగర్ ముదిరినా, బీపీ పెరిగి పక్షవాతం వచ్చినా తప్పంతా పేషెంటు చదువు మీదికే తోసేస్తరు. చదువుకూ ఆరోగ్యానికీ లంకె ఉన్నది నిజమే. అది ఎక్కడ ముడిపడి ఉందో చూడకుండా తిడితే మాత్రం ఎవరి షుగరూ దిగదు.

ముందు మందుల చీటీ సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు 58 శాతం. ముసలివాళ్లలో ఇంకా తక్కువ, షుగర్, బీపీ గోలీలు ఎక్కువ మింగేది వాళ్లే. వాళ్ల చేతిలో పెట్టేదేమో ఇంగ్లీషు చీటీ, పక్కన 1-0-1. పొద్దుగాల ఒకటి, పగటికి వద్దు, రాత్రికి ఒకటి అని. ఇది తెలియని అవ్వ మెడికల్ షాపు పిల్లగాడు గబగబా చెప్పింది యాది పెట్టుకోవాలె, అదీ నాలుగు రకాల గోలీలకు. ఆ పిల్లగాడు స్ట్రిప్పు కత్తిరించి ఆరు గోలీలు ఇస్తడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతది.

అసలు ప్రమాదం ఇక్కడే. గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ సర్కారు దవాఖానలో ఒక కంపెనీది ఇస్తరు, ప్రైవేటులో ఇంకో కంపెనీది రాస్తరు. రంగు వేరు, లోపలి మందు ఒకటే. రెండు మందులనుకొని రెండూ వేసుకుంటరు. దానికి తోడు ఆ రోజు ఉపాసమో, కూలికి ఆలస్యమైతదని తినకుండా పోవుడో ఉంటది. షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలైతే ఇంట్లోవాళ్లు తాగిండు అనో, గాలి సోకింది అనో అనుకుంటరు. స్పృహ ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వాలె. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, 108కి ఫోన్ కొట్టాలె. లేచి కూర్చున్నా దవాఖానకు పోవాల్సిందే, ఎందుకంటే ఈ గోలీ ప్రభావం దాదాపు ఒక రోజంతా ఉంటది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

దీన్ని ఆపడానికి కోట్లు అక్కర్లేదు. కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీస్తే చాలు. (కంచం బొమ్మ మాత్రం వద్దు. ఖాళీ కంచం అంటే తినకముందా, తిన్నంకనా అని అందరికీ అయోమయమే, అది నోటితోనే చెప్పాలె.) స్ట్రిప్పు కోస్తే పేరు, తేదీ ఉన్న ముక్క పేషెంటుకే ఇవ్వాలె. పాత గోలీలన్నీ సంచిలో వేసుకొని రమ్మనాలె, ఒకే మందు రెండు రంగుల్లో ఉంటే అక్కడే దొరుకుతది. "అర్థమైందా?" అని అడగొద్దు, ఎవరైనా "ఆఁ సారు" అనే అంటరు. "ఇంటికి పోయి నీ కోడలికి ఎట్ల చెప్తవమ్మా?" అని అడిగితే ఎక్కడ తప్పు పోయిందో బయటపడ్తది.

చీటీ చదవడం ఒక్కటే అయితే బొమ్మలతో అయిపోయేది. లండన్ సర్కారు ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అందరూ ఆఫీసుల్లో పనిచేసే మగవాళ్లే, అయినా హోదా తగ్గినకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగినయ్. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ లెక్క తీసేసినా తేడా చాలావరకు మిగిలింది. చదువు ఉద్యోగాన్ని ఇస్తది, ఉద్యోగం జీతం కోయని సెలవును ఇస్తది. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి ఆ సెలవు ఏది? పరగడుపున రక్తం ఇచ్చి, రిపోర్టుకు రేపు రమ్మంటే రెండు రోజుల కూలి పోతది. రెండోరోజు రాలేదంటే నిర్లక్ష్యం అని రాసేస్తరు.

చదువుకున్నోళ్లు మురిసిపోయేదేం లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో మనమే ముందు. డబ్బా మీద ఓఆర్ఎస్ అని చదివి, విరేచనాలైతున్న పిల్లలకు తీపి జ్యూసులు తాపింది కూడా చదవొచ్చినవాళ్లే. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్లకేండ్లు కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆ జ్యూసుల మీద ఓఆర్ఎస్ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. అసలు ఓఆర్ఎస్ పెద్ద పాకెట్టు ఒక లీటరు నీళ్లల్ల మొత్తం ఒకేసారి కలపాలె. గ్లాసుకు ఇంత అని అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అయి పిల్లకు మరింత ముప్పు.

ఇగ మనసు సంగతి. హనుమకొండ హాస్టళ్లలో డిప్రెషన్‌ను (మనసు కుంగుబాటును) టెన్షన్ అంటరు. ఊళ్లో అదే ఒళ్లునొప్పులు, గుండెదడ, నిద్రలేమి అయి ఆర్ఎంపీ దగ్గరికి పోతది, సెలైన్, బలం సూదితో తిరిగొస్తది. డిప్రెషన్ గోలీలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడ్తది. కడుపులో వికారం మొదటి వారంలోనే వస్తది. ఈ సంగతి ముందే చెప్పకపోతే చదువున్నా లేకున్నా ఆరోరోజుకే ఆపేస్తరు. మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, పైసలు లేవు, రాత్రి కూడా ఎత్తుతరు. ఓపీ చీటీ వెనుక దాన్ని పెద్ద అక్షరాలతో అచ్చేయడానికి ఏ జీవో కావాలె?